ల్యాప్‌టాప్ ఎవరికోసం?

ఇంట్లోకి కుట్టుమిషను కొనేటప్పుడు తొక్కేదా, మోటారుదా అని ఆడవాళ్ళనే అడుగుతారు. గ్రైండరు కొన్నా అంతే. ల్యాప్‌టాప్ దగ్గరకొచ్చేసరికి మాత్రం అన్నయ్యో, అబ్బాయో, ఆఖరికి అబ్బాయిగారి స్నేహితుడో నిర్ణయించేస్తాడు! దాని ముందు రోజూ నాలుగు గంటలు కూర్చునేది ఇంటి కోడలే అయినా, కొట్లో కుర్రాడు వివరాలన్నీ పక్కనున్న మగమనిషికే చెబుతాడు. ఆమెకి రంగులు చూపిస్తాడు. "సిల్వరా, బ్లూనా మేడమ్?" అని.

రంగు సంగతి పోనీండి. డబ్బు పోసేది ఒక పనికోసం, కొనేది ఇంకో పనికి. అదీ నా బాధ.

అబ్బాయిల కళ్ళు ముందు పడేది గేములాడే మోడళ్ళ మీద. వాటిలో విడిగా గ్రాఫిక్స్ కార్డుంటుంది. ధర ఎక్కువ, బరువు ఎక్కువ, వేడి ఎక్కువ, బ్యాటరీ మాత్రం తక్కువసేపే. ఆన్‌లైన్లో ట్యూషన్లు చెప్పుకునే మనిషికి ఆ కార్డుతో పనేముంది చెప్పండి?

కొల్లేరు వైపు కైకలూరులోనో, ఆకివీడులోనో చేపల చెరువు లెక్కలు రాసే ఇల్లాలిని తీసుకోండి. తవుడు బస్తాలెన్ని, చెక్క ఎంత, మందులకెంత, పట్టుబడి రోజున బొచ్చె ఎంత, శీలావతి ఎంత... అన్నీ అంకెలే. ఆమెకి 15.6 అంగుళాల తెర మంచిది. ఆ సైజు మోడళ్ళలో చాలావాటికి కుడిపక్కన అంకెల మీటలు విడిగా ఉంటాయి. తాడేపల్లిగూడెం నుంచి సీజన్ టిక్కెట్టు మీద రోజూ ఏలూరు ఆఫీసుకొచ్చే అమ్మాయికి అదే మిషను శిక్ష. ఒక చేత క్యారేజీ, భుజాన రెండు కేజీల బరువూనా? ఆమెకి 14 అంగుళాలది, కేజీన్నరకి మించనిది కావాలి.

మిగతాది ఇద్దరికీ ఒకటే. ర్యామ్ 8 జీబీకి తగ్గకూడదు, వీలైతే 16. తర్వాత పెంచుకునే వీలుందా అని కూడా అడగండి, కొన్నిట్లో బోర్డుకే అతికేసి ఉంటుంది. ఎస్ఎస్‌డీ 512 జీబీ ఉంటే సరి. ప్రాసెసర్ మధ్యరకం చాలు. కీబోర్డు మీద మాత్రం పది నిమిషాలు టైపు చేసి చూడండి. ఒక్క చీర కోసం ముప్ఫై మడతలు విప్పించే మనకి ఇక్కడ మొహమాటమెందుకు?

"తెలుగు సాఫ్ట్‌వేరుకి విడిగా అవుతుందండీ" అంటే నమ్మకండి. విండోస్‌లో తెలుగు ఉంది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే ఫొనెటిక్ కీబోర్డు కూడా 2019 నుంచి అందులోనే వస్తోంది. సెట్టింగుల్లో భాషల దగ్గర చేర్చుకోవడమే. నా కథలు నేను అలాగే టైపు చేసుకుంటాను. ఉత్తరాలకీ, లెక్కలకీ లిబ్రేఆఫీస్ ఉచితం.

చవగ్గా వస్తోందని పాతది కొంటున్నారా? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. బ్యాంకు పనులు చేసుకునే మిషను అయితే విండోస్ 11 నడిచి తీరాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆ తర్వాతవే దానికి పనికొస్తాయి.

వారంటీ ఉందని తలూపేయకండి. మనిషి ఇంటికొచ్చి బాగుచేస్తాడా, మనమే మోసుకెళ్ళాలా? ఏలూరు నుంచి విజయవాడ అరవై కిలోమీటర్లు. మగవాళ్ళకి తీరిక దొరికేదాకా అది బీరువా మీదే ఉంటుంది, ఈలోగా ఆమె పని ఆగిపోతుంది.

ఇంటిల్లిపాదికీ ఒకటే ల్యాప్‌టాప్ అయితే, ఎవరి అకౌంటు వాళ్ళకి, ఎవరి పాస్‌వర్డు వాళ్ళకి పెట్టించండి. పైసా ఖర్చులేదు. "మన మధ్య రహస్యాలేమిటి?" అంటారు. రహస్యాలు కావు బాబూ, సినిమాకి చోటు చాలక మీరు చెరిపేసేవాటిలో ఆమె ఏడాది లెక్కలుండొచ్చు.

ఇంకో మాట కొనకముందే తేల్చుకోవాలి. తాడేపల్లిగూడెంలోనే 2015లో ఎన్ఐటీ వచ్చింది. అక్కడో, ఇంకెక్కడో సీటొచ్చిందంటే అబ్బాయితోపాటు ల్యాప్‌టాప్ కూడా హాస్టలుకి బయల్దేరుతుంది. ఆవిడ ట్యూషన్లు ఆ నెల నుంచి బంద్. అప్పుడు రెండోది కొంటారా, లేక వాడికే వేరేది చూస్తారా? ఈ మాట ఇంట్లో కూర్చుని తేల్చుకున్నాకే కొట్టుకి వెళ్ళండి. అక్కడ బిల్లు ఎవరి పేరున రాయమంటారని అడిగితే, దాని మీద పనిచేసే ఆవిడ పేరే చెప్పండి.