ఆరిపోయే వెలుగుకు కాపలా



మామిడి కాయ దిగే రోజులలో నూజివీడు తోటలకు రాత్రి కాపలా ఎంత అవసరమో మేము వేరే చెప్పనక్కరలేదు. ఒకరు కునుకు తీస్తే మరొకరు మేల్కొని ఉండాలి. ఆకాశమునకు కూడా ఇటువంటి కాపలా కాసేవారున్నారు. ఈ నెల వారిని గూర్చి తెలిసికొందాము.

సూర్యుని కంటె ఎన్నో రెట్లు పెద్ద నక్షత్రము ఆయువు తీరి లోపలికి కూలిపోయేటప్పుడు, ఒక్కొక్కసారి గామా కిరణములు పెల్లుబుకుతాయి. సాధారణముగా కొన్ని సెకండ్లు, లేదా కొద్ది నిమిషములు, అంతే. వాటిని మన గాలి పొర ఆపివేస్తుంది గనుక ఉపగ్రహములే పసిగట్టాలి. అయితే ఆ పేలుడులోనుండి దూసుకువచ్చిన పదార్థము చుట్టూ ఉన్న వాయువును ఢీకొన్న చోట కొంత వెలుగు మిగులుతుంది. నేలమీది టెలిస్కోపులకు చిక్కేది ఎక్కువగా అదే. 1997 ఫిబ్రవరి 28 నాటి పేలుడుకు ఈ వెలుగు తొలిసారి దొరికింది.

అది గంటగంటకు తగ్గిపోతుంది. ఆ తగ్గే తీరులోనే అసలు సంగతి ఉన్నది. తాటాకు మంట ఇట్టే బూడిద అవుతుంది, తుమ్మ మొద్దు నిప్పు చాలాసేపు నిలుస్తుంది. ఆరే తీరును బట్టి పొయ్యిలో ఏమి కాలినదో మన ఇంటి స్త్రీలు చెప్పగలరు గదా!

1999 జనవరి 23న ఒక పేలుడు కనబడింది. ఆ కాంతి 900 కోట్ల సంవత్సరములకు పైగా ప్రయాణించి వచ్చినది. అన్ని దిక్కులకు సమముగా చిమ్మినదని లెక్కవేస్తే, సూర్యుడంతా శక్తిగా మారినా చాలనంత బలము తేలింది! అది ఎలా సాధ్యమో శాస్త్రజ్ఞులకే అంతుపట్టలేదు. అయినా కాపలా మానలేదు. నైనిటాల్‌లోని 104 సెంటీమీటర్ల టెలిస్కోపుతో మనవారు కూడా ఆ వెలుగును కొలిచారు. రెండు రోజులు దాటేసరికి అది ఇంకా త్వరగా తగ్గసాగింది. దానినిబట్టి ఆ శక్తి టార్చిలైటు వెలుగువలె సన్నని ధారగా మనవైపు వచ్చినదని తేలింది. లెక్క వందల రెట్లు తగ్గింది. మొదటి రాత్రితోనే ఆపి ఉంటే ఈ సంగతి తెలిసేది కాదు.

ఈ పనిలో మన రాష్ట్రమునకూ పాలున్నది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుండి వెళ్ళిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహము 2022 నాటికి ఇటువంటి పేలుళ్ళను 500 గుర్తించింది. లడఖ్‌లోని హాన్లేలో 70 సెంటీమీటర్ల టెలిస్కోపు 2018 నుండి, కబురు అందగానే తనంతట తాను అటు తిరిగి చూస్తున్నది. 2022 అక్టోబరు 9న అంతవరకు కనబడినవాటన్నిటిలో ప్రకాశమానమైన పేలుడు వచ్చినప్పుడు, దాని వెనుక మిగిలిన వెలుగును అది కూడా కొలిచింది.

అమెరికాలో తెల్లవారితే అక్కడి టెలిస్కోపులు మూసివేయవలసినదే. అప్పుడు రాత్రి మనది, వంతు కూడా మనదే. ఆ రాత్రి కొలవకుండా పోయిన వెలుగును మరునాడు ఎవరూ తిరిగి తీసుకురాలేరు.