ఒడ్డు ఇసుకకు లెక్క యెవరు చెప్పెదరు?

కాకినాడ రేవునకు పూడిక తీయవలెనని వర్తకులు కోరుచున్నారు. ఉప్పాడ ఒడ్డునకు రక్షణ కల్పింపవలెనని మత్స్యకారులు కోరుచున్నారు. రెండు కోరికలును న్యాయమైనవే. కాని ప్రభుత్వ కార్యాలయములలో నివి రెండును వేరువేరు దస్త్రములై, వేరువేరు బల్లలమీద, వేరువేరు అధికారుల సంతకములకై వేచియుండుట మన దురదృష్టము. ఒక శాఖవారు సముద్రగర్భమును త్రవ్వి, తీసిన పూడికను దూరమున పారవైచెదరు. మరియొక శాఖవారు కొండలను పగులగొట్టి, బండరాళ్లను లారీలతో తెప్పించి ఒడ్డున గుమ్మరించెదరు. త్రవ్విన పూడికకును తరిగిన ఒడ్డునకును సంబంధము కలదాయని ప్రశ్నించుట మాత్రము ఏ శాఖవారి విధులలోను కానరాదు. ఆ ప్రశ్నను ప్రజలే వేయవలసియున్నది.

గోదావరి మొగలయందు రేవులను పుట్టించినదియు, చంపినదియు ఈ పూడికయే. ఒకప్పుడు ఓడలకును, ఓడల నిర్మాణమునకును పేరొందిన కోరంగి నేడు రేవుగా లేదు. 1789 లోను, 1839 లోను వచ్చిన ఉప్పెనలు దానిని కూల్చినవి. 1848 లో ‘సైక్లోన్’ అను మాటను కల్పించిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి ఉప్పెనను గూర్చి వ్రాసియున్నాడు. ఉప్పెనలు మిగిల్చినదానిని ఒండ్రు కబళించెను. ఓడలు రాలేక వర్తకము ఉత్తరముగా కాకినాడకు తరలెను. 1860 ప్రాంతమున అమెరికాలో అంతర్యుద్ధము జరుగగా, ప్రత్తికి గిరాకి పెరిగి కాకినాడ వర్ధిల్లెను. కావున పూడిక యనిన రేవునకు ప్రాణసంకటమని వర్తకులు చెప్పునప్పుడు దానిని లోభుల మాటగా త్రోసివేయరాదు. కోరంగి శిథిలములే వారి పక్షమున సాక్ష్యము పలుకుచున్నవి.

కాకినాడకు ప్రకృతి యొక రక్షణ నొసగినది. గౌతమి తెచ్చిన ఇసుక గడచిన రెండువందల యేండ్లలో తిన్నెగా సాగి, పదునారు కిలోమీటర్లకు పైబడిన హోప్ దీవిగా నేర్పడెను. బంగాళాఖాతపు అలలను అడ్డగించి, కాకినాడ అఖాతమును నెమ్మదిగా నుంచునది ఆ దీవియే. ఏ ఇంజినీరును కట్టని ఆ అడ్డుకట్ట చాటుననే ఓడలు లంగరు దించుచున్నవి. కాని యొకచోట ఇసుక ఆగినయెడల, వేరొకచోట తక్కువ పడక తప్పదు గదా! ఆ తక్కువ పడిన చోటే ఉప్పాడ.

దీని మర్మము తెలిసికొనుట కష్టము కాదు. మన తీరము వెంబడి నీటిలో నొక ఇసుక నది యెల్లప్పుడును ప్రవహించుచుండును. నైరుతి ఋతుపవనముల కాలమున అలలు ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు నెట్టును. ఈశాన్య ఋతుపవనముల నెలలలో కొంత వెనుకకు మరలించును. ఏడాది మొత్తము మీద ఉత్తరమునకు పోవునదే యెక్కువ. ఆ దారిలో దీవి యడ్డుపడినను, కట్ట కట్టినను, ఓడల కొరకు లోతైన కాలువ త్రవ్వినను ఇసుక అక్కడనే చిక్కుకొనును. ఉత్తరమున నున్న ఊరి యొడ్డున అలలు పాత ఇసుకను కొనిపోవుచుండును గాని, దానికి బదులు క్రొత్త ఇసుక రాదు. రాబడి నిలిచి ఖర్చు నిలువని సంసారము వంటిదే ఆ యొడ్డు.

ఇది క్రొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. చెన్నపట్టణమున 1876 లో కృత్రిమ రేవు పని ఆరంభమైన పిమ్మట దాని దక్షిణమున ఇసుక మేటవేసి మెరీనా తీరము విశాలమయ్యెను. ఉత్తరమున రాయపురము, తిరువొత్తియూరు ప్రాంతములు కోతకు గురియయ్యెను. నగరవాసులు షికారు చేయు ఇసుక మేటకును, జాలరుల గుడిసెలు కూలుటకును కారణ మొక్కటియే. విశాఖపట్టణమున 1976 లో వెలుపలి రేవు తెరచిన తరువాత నగర తీరమునకు నిట్టి విపత్తే వచ్చెను. అచ్చటి రేవువారు అడ్డుకట్ట దగ్గర చిక్కిన ఇసుకను తీసి, గొట్టముల ద్వారా తీరమునకు పంపు పద్ధతి నవలంబించిరి. అది పూర్తి పరిహార మని మేము చెప్పము. కాని రేవు త్రవ్వుటయు, ఒడ్డును పోషించుటయు నొకే పనిలోని రెండు భాగములని ఆంధ్రదేశముననే యొకసారి యంగీకరింపబడినది. విశాఖలో నగరవాసులకు దక్కిన న్యాయము ఉప్పాడలో జాలరులకేల దక్కరాదు?

దోషమంతయు రేవుదే యనుటయు అన్యాయమే యగును. గోదావరియే నేడు పూర్వమువలె ఒండ్రు తెచ్చుట లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పండితులు పరిశోధించి ప్రకటించిన లెక్కల ప్రకారము, 1970–79 నడుమ ఏటికి 15 కోట్ల 2 లక్షల టన్నులుగా నున్న గోదావరి ఒండ్రు, 2000–2006 నాటికి 5 కోట్ల 72 లక్షల టన్నులకు తగ్గెను. నీరు అంతగా తగ్గలేదు. ఒండ్రు మాత్రము దాదాపు మూడవవంతునకు దిగెను. ఎగువన కట్టిన జలాశయములలో అది నిలిచిపోవుచున్నది. 1965 మొదలు 2008 వరకు గల 43 ఏండ్లలో కృష్ణా గోదావరి డెల్టాల తీరమున, మేటవేసిన భూమి పోను, 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రము పాలయ్యెనని వారే తేల్చిరి. 1852 లో ధవళేశ్వరము ఆనకట్ట ముగించి డెల్టాకు అన్నము పెట్టిన కాటన్ దొరను మనము పూజించుచున్నాము, అది తగినదే. ఆనకట్టలను కూల్చుమని మేము చెప్పుట లేదు. కాని పంటకు నీరు మళ్లించుకొన్నవారము, ఒడ్డునకు రావలసిన ఇసుక పద్దును మరచితిమి. పైగా రాజమహేంద్రవరము దగ్గర నదీగర్భమునుండి పడవలతో తీసిన ఇసుక లారీలకెక్కి మేడలకు పోవుచున్నది. నది దాచుకొన్న కొద్దిపాటి ఇసుకకు కూడ సముద్రమును చేరు యోగము లేకున్నది!

ఇక ఉప్పాడకు చేసిన చికిత్సలను చూడుడు. కాకినాడనుండి ఉప్పాడకు పోవు తీరపు బాట ప్రతి తుపానునకును తెగుచున్నది, ప్రతి తుపాను తరువాతను అతుకబడుచున్నది. ఇసుక నింపిన జియో ట్యూబులనెడి పెద్ద సంచులను ఒడ్డున పరచిరి. కొన్ని యేండ్లకే యవి చినిగి చెదరెను. పిమ్మట బండరాళ్లు వచ్చినవి. రాతికట్ట తన వెనుకనున్న బాటను కొంతకాలము కాపాడును, కాదనము. కాని దానికి తగిలిన అల చల్లారదు. కట్ట ముందరి ఇసుకను తవ్వి, కట్ట ముగిసినచోట ప్రక్క ఊరిమీద పడును. నేడు కోనపాపపేట వారి మొర వినుడు. ఉప్పాడకు వైద్యము చేసి రోగమును పొరుగూరికి పంపుట వైద్యమనిపించుకొనదు. జాందానీ నేతకు దేశమంతట పేరుగల ఆ యూరిలో మగ్గమును, వలయును ఒకే ఉప్పెనకు భయపడి జీవించుచున్నవి.

ఇప్పుడు అనుమతుల ప్రశ్నకు వత్తము. పూడిక తీయుటకు అనుమతి నిరాకరింపవలెనని వాదించువారితో మేము ఏకీభవింపము. కాకినాడ బియ్యపు ఎగుమతికి పేరొందిన రేవు. దానిపై లారీవాని మొదలు రైతు వరకు వేలకొలది కుటుంబములు ఆధారపడియున్నవి. మరబోట్లు కాలువలోనికి రాలేక పోటు కొరకు గంటల తరబడి కాచుకొనుట మత్స్యకారులకు కూడ నష్టమే. కావున అనుమతి నిచ్చుట సబబే. అది యే షరతులమీద నిచ్చుట యనునదే విచారణీయము.

కొందరు ఇంజినీర్లు ఒక ఆక్షేపణ చెప్పుదురు: కాకినాడ అఖాతమున తీయబడునది చాలవరకు మెత్తని బురద, అది ఒడ్డున నిలువదు, అలలకు కరగిపోవునని. ఇది యథార్థమే, పట్టించుకొనదగిన మాటయే. కోరంగి, గాడేరు పాయలు తెచ్చునది సన్నని ఒండ్రు. దానిని తీరమున పోసినచో నీరు చెడి, చేప చెడి, ఒడ్డు బాగుపడదు. అందుచేతనే త్రవ్వకముందు ఏ చోట ఎట్టి రేణువున్నదో పరీక్షింపవలెను. ముతక ఇసుక దొరకిన భాగమును తీరమునకు చేర్చవలెను. ఆక్షేపణ సరియైనదైనంత మాత్రమున తీసిన దానినంతటిని గుడ్డిగా పారవేయుటకు అది సమర్థన కాజాలదు.

బురదను మడ అడవులమీద పోయుట అంతకంటె ఘోరమగును. 1978 లో అభయారణ్యముగా ప్రకటింపబడిన కోరంగి మడ అడవులు 235 చదరపు కిలోమీటర్ల మేర మనకు సహజమైన కోటగోడలు. 1996 నవంబరు 6 న కోనసీమను ఊడ్చివేసిన తుపానులో వెయ్యిమందికి పైగా ప్రాణములు కోల్పోయిన సంగతిని ఈ జిల్లావారు మరువలేరు. అట్టిచోట 2020 లో దుమ్ములపేట దగ్గర ఇండ్ల స్థలముల కొరకు మడ నేలను మెరక చేయుట వివాదమై జాతీయ హరిత న్యాయస్థానము వరకు పోయెను. పేదలకు ఇల్లు కావలెను. కాని ఆ యింటిని ఉప్పెననుండి కాపాడు చెట్టును నరికి ఇచ్చిన స్థలము దానమా, అపకారమా?

చట్టము లేదని చింతింప పనిలేదు. తీరప్రాంత నియంత్రణ ప్రకటనలు 1991, 2011, 2019 సంవత్సరములలో వెలువడినవి. మడ అడవులకును, తాబేళ్లు గ్రుడ్లుపెట్టు చోట్లకును అవి మిక్కిలి కట్టుదిట్టమైన రక్షణ నిచ్చినవి. 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన ప్రకారము బహిరంగ విచారణ జరుపవలసిన పథకమునకు ముప్పది దినములకు తక్కువకాని గడువుతో ప్రకటన చేయవలెను; నివేదిక సారాంశమును స్థానిక భాషలో నందుబాటున నుంచవలెను; విచారణ ముగిసినంతనే ప్రజలు చెప్పిన దానిని వారి భాషలో చదివి వినిపింపవలెను. కాని యిందులో నొక సందు కలదు. క్రొత్తగా లోతు చేయుటకు అనుమతి కావలెను. పాత లోతును నిలుపుకొను ఏటేటి పూడికతీత తొలి పథకములో చేరియున్నచో దానికి మరల అనుమతి అక్కరలేదు. అనగా అసలు ప్రశ్న అడుగుటకు ప్రజలకు దొరకునది తొలి అవకాశమొక్కటియే. ఆనాడు నిదురించినవారికి ఆపై ఏటేట మేలుకొని ప్రయోజనము లేదు.

కావున మేము కోరునది యిది. రేవు పూడికకును, ఒడ్డు రక్షణకును ఒకే పద్దు, ఒకే విచారణ యుండవలెను. ఎన్ని ఘనపు మీటర్లు తీసిరో, అందు ఇసుక యెంతో, బురద యెంతో, దేనిని ఎక్కడ వేసిరో నెలనెల తెలుగులో వ్రాసి పంచాయతీ గోడకు అంటింపవలెను. రాతికట్ట వేయదలచిన చోట ఉత్తరపు ఊళ్లకు కలుగు కీడును ముందే లెక్కకట్టి, దాని పరిహారమును పథకపు ఖర్చులోనే చేర్చవలెను. పని చేయు కాలమును కూడ ఎంచుకొనవలెను. జనవరి మొదలుకొని వేసవి ఆరంభము వరకు తాబేళ్లు ఒడ్డుకెక్కును. ఎర్రనీరు వచ్చిన పిమ్మట పులస మొగలగుండ ఏటికెదురు ఈదును. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు వేట నిషేధమున్న 61 దినములలో మరబోట్లు ఎటులను ఒడ్డుననే యుండును. త్రవ్వకములో అధికభాగమును ఆ దినములలో ముగించినచో జాలరి బ్రతుకునకు తగులు దెబ్బ తక్కువయగును. మిగిలిన దినములలో వేట చెడినయెడల, ఆ నష్టమును దయాధర్మముగా గాక హక్కుగా చెల్లింపవలెను.

ఈ కోరికలలో అసాధ్యమైన దొక్కటియు లేదు. ఖర్చు పెరుగునని చెప్పువారు, తెగిన బాటను ఇన్నిసార్లు అతికించిన ఖర్చును, కొట్టుకొనిపోయిన ఇండ్ల ఖరీదును ప్రక్కన వ్రాసి కూడి చూచెదరు గాక.

తుదకు పాఠక మహాశయులకొక మనవి. సముద్రము ఉప్పాడవారిది మాత్రమే యని రాజమహేంద్రవరమున, అమలాపురమున, పిఠాపురమున కూర్చుండి తలచుట పొరపాటు. మనము త్రాగు నీరు, మన పొలమునకు మళ్లిన కాలువ, మన మేడకు పోసిన ఇసుక – ఇవన్నియు ఆ యొడ్డు ఖాతాలో మన పేర వ్రాయబడిన అప్పులే. పఠనమందిరములు పత్రికలు చదువుకొనుటకు మాత్రమే కాదు. ఇట్టి పథకముల తెలుగు సారాంశమును తెప్పించి, సాయంకాలమున పదిమందిని కూర్చుండబెట్టి, అక్షరము రాని జాలరిని కూడ పిలిచి, బిగ్గరగా చదివి వినిపించుటకు మన గ్రంథాలయములకంటె తగిన చోటు వేరొకటి కలదా? విచారణ దినమున అధికారి యెదుట నిలిచి ‘అయ్యా, త్రవ్విన ఇసుక యెక్కడ?’ అని ఒక్క జాలరి అడుగుటకును, వేయిమంది అడుగుటకును భేదము కలదు. స్వరాజ్యమనగా ఆ ప్రశ్న అడుగు ధైర్యము. దానికి జవాబు చెప్పక తప్పని ప్రభుత్వము. అనుమతి కాగితముపై సంతకము పడకముందే ఆ ప్రశ్న వేయుదము. పడిన తరువాత అడుగుటకు ఒడ్డు మిగిలియుండకపోవచ్చును.