మొలలు – మన మౌనము

కళాశాల సంచికలో ఈ వ్యాధి పేరు చూచి కొందరు ముఖము చిట్లించవచ్చును. తెలుగులో మొలలనీ, ఉర్దూలో బవాసీర్ అనీ, ఆయుర్వేదములో అర్శస్సు అనీ పేర్లున్నవి. అన్నింటినీ మనవారు గొంతు తగ్గించియే పలుకుతారు. ఈ సిగ్గే రోగిని వైద్యుని వద్దకు గాక, గోడలపై ప్రకటనలు వ్రాయించే అర్హత లేనివారి వద్దకు పంపుతున్నది.

మలద్వారము లోపల రక్తనాళములతో నిండిన మెత్తని పొర అందరికీ పుట్టుకతోనే ఉంటుంది. అది వాచి క్రిందికి జారినప్పుడే బాధ మొదలవుతుంది. మలబద్ధకము, ముక్కుట ఇందుకు ముఖ్యకారణములు. గర్భధారణ, స్థూలకాయము, విడువని విరేచనములు, పైబడిన వయస్సు కూడ తోడ్పడతాయి. ఆళ్లగడ్డ శిల్పశాలలలో ఊపిరి బిగబట్టి రాళ్లెత్తేవారికీ కడుపులో ఒత్తిడి పెరుగుతుంది. మిరపకారమే మొలలను పుట్టిస్తుందని పెద్దలంటారు గాని, అందుకు ఋజువు లేదు. (కారము మానుమంటే రాయలసీమలో వినేవారెవరు?)

ఒకప్పుడు మన కంచములో జొన్నసంగటి, కొర్రన్నము ఉండేవి. కె.సి. కాలువ క్రింద వరి పెరిగినది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యము వచ్చిన పిదప తెల్లన్నము పేదయింటికీ చేరినది. ఆకలి తీరిన మాట సత్యము, దానిని తక్కువ చేయరాదు. కాని పాలిష్ పట్టిన బియ్యములో పీచు అంతగా మిగలదు. ఉగాండాలో పనిచేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్ 1970 దశకములో పీచు తగ్గిన ఆహారమునకూ ఈ వ్యాధికీ సంబంధమున్నదని వాదించినాడు. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానమే సూర్యనంది అనే కొర్ర రకమును వెలువరించినది. అది హాస్టలు వంటశాలకు ఏల చేరదు?

యువకులకు మరొక మాట. బోస్టన్ నగరములో 125 మందిపై జరిపిన అధ్యయనము 2025లో వెలువడినది. మరుగుదొడ్డిలో సెల్‌ఫోను చూచేవారికి మొలలుండే అవకాశము 46 శాతము అధికమని తేలినది. అధ్యయనము చిన్నదే, ఐనా ఫోను బయట ఉంచుటలో నష్టమేమి?

విద్యార్థినుల సంగతి వేరు. ఆళ్లగడ్డ నుండి నిత్యము బస్సులో నంద్యాలకు వచ్చే అమ్మాయిలు అనేకులు, మరుగుదొడ్డికి పోవలసి వస్తుందని పగలంతా నీళ్లే త్రాగరు. మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నీరు తగ్గితే మలము గట్టిపడుతుంది; వేగమును ఆపుకొంటే మరింత గట్టిపడుతుంది. దీనిని చెడ్డ అలవాటు అనుట అన్యాయము. తలుపుకు గడియ, కుళాయిలో నీరు లేకపోవుట వారి తప్పు కాదు. కమిటీ పెద్దలు వచ్చే సంవత్సరపు అంచనాలలో సభామందిరపు రంగులకంటె ముందు దీనికి సొమ్ము కేటాయించవలెనని నా అభిప్రాయము.

మలములో రక్తము కనబడితే మొలలేనని ఎవరికి వారు నిశ్చయించుకొనరాదు. మొలలు క్యాన్సరుగా మారవు. కాని పెద్దప్రేగు క్యాన్సరులోనూ అట్లే రక్తము పడవచ్చును. పరీక్షించి తేల్చవలసినది వైద్యుడే. నంద్యాలలో 2023 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. అక్కడి నుండి ఒక వైద్యుని, విద్యార్థినుల కొరకు వేరుగా ఒక వైద్యురాలిని ఏటా ఒక దినము పిలిపించుట కమిటీకి కష్టము కాదు.