కొండ మీద పొద్దు గుంకితే

పోయినవారం ఉసిరికాయ పచ్చడి గురించి రాస్తూ కార్తీక వనభోజనాల మాట ఎత్తాను కదా. ఆ మాట రాస్తుంటేనే అహోబిలం కొండలో మేం పడ్డ అవస్థ గుర్తుకొచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరికీ పెద్దగా చెప్పుకోలేదు, చెబితే మా తెలివితక్కువతనమే బయటపడుతుందని. ఈ వారం వంట కాస్త పక్కన పెట్టి అదే చెప్తాను, ఏమీ అనుకోకండేం.

2023 డిసెంబరు, కార్తీకంలో ఆఖరి ఆదివారం. మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటి అయిదు రోజులైంది. మా ఆడపడుచు, వాళ్ళబ్బాయి కడప నుంచి నంద్యాలకి మా ఇంటికొచ్చారు. నవ నారసింహుల్లో జ్వాలా నరసింహుణ్ణి ఒక్కసారైనా చూడాలని వదిన ఎన్నాళ్ళుగానో అంటోంది. ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు, షుగరుంది, మాత్రలు వాడుతుంది.

వెళ్ళినవాళ్ళకి తెలుసు. దిగువ అహోబిలం నుంచి ఎగువకి 8 కిలోమీటర్లు రోడ్డే, కారు పోతుంది. అక్కణ్ణుంచి జ్వాలా నరసింహుడి గుహకి మాత్రం కాలినడకే. భవనాశిని వాగు వెంబడి బండల మీద అడుగులేసుకుంటూ, వరాహ నరసింహుడి గుడి దాటి, ఆపైన మెట్లెక్కాలి. చుట్టూ నల్లమల. చేతికర్రలు అద్దెకిస్తారు, నడవలేనివాళ్ళకి డోలీలుంటాయి. వదిన డోలీ ఎక్కనంది. "నడిచి చూస్తేనే పుణ్యం" అంది. సరే, నాలుగు కర్రలు తీసుకున్నాం.

తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపాను, దద్ధ్యోదనం చేశాను, చక్కిలాలు డబ్బాకెత్తాను. అన్నీ కారులోనే వదిలేశాం! దర్శనం అయ్యాక కిందికొచ్చి తిందామని. పైకి తీసుకెళ్ళింది పూజ బుట్ట, ఒక్క లీటరు నీళ్ళ సీసా, అరటిపళ్ళు. అరటిపళ్ళు గుడి మెట్ల దగ్గరే కోతులు లాక్కుపోయాయి. టార్చిలైటు ఇంట్లో టీవీ పక్కన ఉంది. పెళ్ళిళ్ళకి నలభైమందికి పాలు ఎన్ని లీటర్లు కావాలో వేళ్ళమీద చెప్పే దాన్ని, ఆ రోజు నా బుద్ధి ఏమయిందో.

దిగువ గుడి, ఎగువ గుడి దర్శనాలయ్యేసరికి ఒంటిగంటన్నర. వరాహ నరసింహుడి దగ్గర గడియారం చూసుకున్నాను, రెండున్నర. ఎదురుగా దిగి వస్తున్న పెద్దాయన "ఇప్పుడు పైకెక్కడికమ్మా?" అన్నాడు కూడా. నాకు లెక్క తెలిసిపోయింది. చలికాలం పొద్దు 5.40కి అటూఇటూగా గుంకుతుంది. అదీ మైదానంలో. ఇలాంటి రెండు కొండల నడిమి లోయలో అయిదింటికే నీడ పరుచుకుంటుంది. ఎక్కడానికి గంటన్నర, దిగడానికీ అంతే. కూడుకుంటే చాలు. కానీ నోరు విప్పలేదు. వదిన ముచ్చటపడింది, మావారు "వచ్చినవాళ్ళం చూడకుండా పోతామా" అన్నారు, మధ్యలో నేను అడ్డం పడితే "దీనికి ఎప్పుడూ ఇంటి ధ్యాసే" అంటారని. అనేవాళ్ళే, ఎన్నిసార్లు వినలేదు!

దర్శనం బ్రహ్మాండంగా జరిగింది, అబద్ధమెందుకు చెప్పాలి. కొండ అంచు నుంచి నీళ్ళు జల్లుగా మీద పడుతుంటే వదిన కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడిపోయింది. ఆ తర్వాత మా మేనల్లుడు ఉగ్ర స్తంభం వైపు కొంచెం ఎక్కి ఫోటోలు తీసుకొస్తానని వెళ్ళి ముప్పావుగంటకి తిరిగొచ్చాడు. మేం దిగడం మొదలుపెట్టేటప్పటికి అయిదవుతోంది.

మెట్లు దిగి వాగులోకి వచ్చేసరికి చీకటి పడింది. అమావాస్యకి రెండు రోజులే, వెన్నెల ఊసే లేదు. ఊళ్ళో చీకటి వేరు, అడవి చీకటి వేరు. ఏది బండో ఏది నీళ్ళో తెలియదు. మావారి ఫోను ఎప్పుడో ఆరిపోయింది, నాది కారులోనే ఉంది. అబ్బాయి ఫోనులో తొమ్మిది శాతం ఛార్జింగుంది, సిగ్నలు లేదు. వాడు వెలుగు వేసి పట్టుకుంటే మావారు ముందు నడిచారు. పది అడుగులేశామో లేదో వదిన కాలు జారింది. చేతిలో కర్ర నీళ్ళలోకి పోయింది. కూర్చోబెట్టి చూస్తే మోకాలు గీరుకుంది, అంతే. కానీ ఒళ్ళంతా చెమటలు. అంత చలిలో చెమటలు! చేతులు వణుకుతున్నాయి, అడిగినదానికి వేరే ఏదో చెబుతోంది. పొద్దున టిఫిను తిని మాత్ర వేసుకున్న మనిషి, మధ్యాహ్నం అన్నం లేదు, పైగా ఆ నడక.

"అత్తా, నేనొక్కణ్ణీ పరిగెత్తి వెళ్ళి ఎవరినైనా తీసుకొస్తా" అన్నాడు అబ్బాయి. మావారు వెళ్ళమన్నారు కూడా. అప్పుడు లేచింది నా గొంతు. "ఎవ్వరూ ఇక్కణ్ణుంచి కదలడానికి వీల్లేదు. ఒకరికి బదులు ఇద్దరు పడతారు. ఆ ఫోను ఆర్పెయ్యి" అన్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఇద్దరూ కూర్చున్నారు.

పూజ బుట్ట తడిమాను. నైవేద్యానికి తెచ్చిన పటికబెల్లంలో సగం పొట్లం మిగిలింది. స్పృహ ఉంది, మింగగలుగుతోంది, అందుకే పెట్టాను. చిన్న చిన్న ముక్కలు నోట్లో వేసి, సీసా అడుగున ఉన్న నీళ్ళు తాగించాను. తర్వాత మా డాక్టరమ్మ చెప్పింది, ఇలాంటప్పుడు సుమారు 15 గ్రాములు, అంటే మూడు చెంచాల చక్కెర వెంటనే ఇచ్చి పావుగంట చూడాలట, తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలట, కుదుటపడ్డాక అన్నమో రొట్టో పెట్టాలట. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. వదిన పావుగంటకి "ఎక్కడున్నాం?" అని సరిగ్గా అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

బుట్టలో ఇంకా కార్తీక దీపాల సరంజామా ఉంది. ప్రమిదలు, వత్తులు, నూనె, అగ్గిపెట్టె. అడవిలో నిప్పు పెట్టకూడదని తెలుసు. అందుకే వాగు మధ్య ఎండుటాకు లేని బోడి బండ మీద, గాలి తగలకుండా రాళ్ళ చాటున రెండు దీపాలు వెలిగించి, పక్కనే కాపలా కూర్చున్నాను. ఆ వెలుగులో నడవలేం, కానీ ఒకరి మొహం ఒకరికి కనిపించింది. చెమటకి తడిసిన జాకెట్టు వీపుకి ఐసులా అంటుకుంది. నా చీర కొంగు వదినకి కప్పి నలుగురం ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నాం. పొదల్లో ఏదో కదిలినప్పుడల్లా మావారు బండ మీద కర్రతో కొట్టి గట్టిగా దగ్గేవారు. నల్లమలలో ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్న సంగతి ఎవరూ పైకి అనలేదు.

ఎనిమిది దాటాక కింది నుంచి టార్చి వెలుగు, కేకలు. డోలీ మోసేవాళ్ళు ఇద్దరు. దీపాలు చూసి నేరుగా మా దగ్గరికే వచ్చారు. వదినని డోలీలో కూర్చోబెట్టి, మమ్మల్ని వెనకే నడిపించారు. దీపాలు నీళ్ళు పోసి ఆర్పి, ప్రమిదలు బుట్టలో వేసుకున్నాకే లేచాను.

ఇప్పుడు ఏ కొండకెళ్ళినా నా సంచీ వేరు. మనిషికో చిన్న టార్చి, కొత్త బ్యాటరీలు, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఒక విజిలు, పలచటి శాలువా, చక్కెర పొట్లం, బెల్లంతో బుడ్డల ఉండలు. బుడ్డలంటే వేరుశనగలే, మా వైపు మాట అది. పావుకిలో బుడ్డలు దోరగా వేయించి పొట్టు తీసి, అంతే బెల్లం ముదురుపాకం పట్టి కలిపి, చేతికి నెయ్యి రాసుకుని వేడిమీదే ఉండ చుట్టుకోవాలి. పది రోజులైనా చెడవు. డబ్బా మాత్రం కోతులకి కనపడనివ్వకండి. అన్నిటికంటే ముందు, బయల్దేరేటప్పుడే తిరుగుముఖం పట్టే గంట అందరికీ చెప్పేస్తాను. గుడి ఎదురుగా కనపడుతున్నా సరే, ఆ గంట కొట్టిందంటే వెనక్కే. మావారు సణుగుతారు, సణగనీ.

ఆ రాత్రి డోలీవాళ్ళని పంపిందెవరో కిందికొచ్చాకే తెలిసింది. కర్రలు అద్దెకిచ్చే ఆమె. సాయంత్రం కట్ట కడుతూ లెక్కపెట్టుకుంటే నాలుగు తక్కువొచ్చాయట. పచ్చచీర కట్టుకున్నామె నాలుగు పట్టుకుపోయింది, ఇంకా దిగలేదని ఆమే వాళ్ళ వెంటపడి పంపించింది. కొట్టు కట్టెయ్యకుండా మెట్ల దగ్గరే కూర్చుని ఉంది. నేను కర్రలు చేతికిస్తే మళ్ళీ లెక్కపెట్టింది.

"మూడే ఉన్నాయేందమ్మా?" అంది.

నాలుగోది వాగులో పోయిందని డబ్బులివ్వబోతే ఆమె తీసుకోలేదు. వదిన వంక చూసి, "ముందు ఆ యమ్మకి అన్నం పెట్టు పో" అంది.