పాత తుపాకి, కొత్త మెఱుగు

కర్నూలు కడప సీమలోని పాత యిండ్లలో, అటకలమీదనో కొట్టుగదుల మూలలనో, తాతలనాటి తుపాకి యొకటి బయల్పడిన దనుకొందము. గృహస్థుడు సాధారణముగా చేయు పని యేమి? వడ్రంగిని పిలిపించును, గరుకుకాగితముతో కొయ్య తెల్లబడునంతవఱకు రుద్దించును, బజారులోని వార్నీషును దట్టముగా పూయించి గోడకు వ్రేలాడదీయును. ఉద్దేశము మంచిదే. ఫలితము మాత్రము శోచనీయము. కొయ్య క్రొత్తదగును, దానిపై నున్న చరిత్ర పొట్టుతో పాటు ఊడ్చివేయబడును. పాతవస్తువును బాగుచేయుట వేఱు, దానిని క్రొత్తదిగా చేయుట వేఱు అని చెప్పుటకే మే మీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ సీమలో తుపాకికి గల చరిత్ర స్వల్పమైనది కాదు. 1800లో నైజాము ఈ మండలములను కుంఫిణీవారికి దత్తము చేసినపుడు ఇచట సుమారు 80 మంది పాలెగాండ్రుండిరి. వారి కొలువున మాన్యములనుభవించుచు ఆయుధము పట్టిన కట్టుబడివారు గ్రామగ్రామమున నుండిరి. మన్రో దొర 1807 వఱకు ఇచట కలెక్టరుగా నుండి ఆ బలమును అణచివేసెను. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను కోటలో దాచిన ఆయుధసామగ్రిని చూచి కుంఫిణీవారు నివ్వెఱపోయిరి. జోహరాపురము కడ పోరు జరిగెను. నవాబు పదవీచ్యుతుడై తిరుచిరాపల్లికి పంపబడెను. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానాపై పడెను. మఱుసటి యేడు ఆ కోవెలకుంట్లలోనే ఉరిదీయబడెను. పిమ్మట 1878 నాటి ఆయుధచట్టము వచ్చెను. తెల్లవారికి మినహాయింపు, మనవారికి లైసెన్సు. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమికహక్కుల తీర్మానమున ఆయుధధారణహక్కును గూడ చేర్చుటకు ఈ యవమానమే కారణము.

చట్టము ఆయుధమును మాత్రమే లాగుకొనలేదు. దానిని చేయు చేతిపనిని గూడ క్షీణింపజేసినదని మా యభిప్రాయము. నేతగాని మగ్గము మూలబడిన కథ మన మందఱ మెఱుగుదుము. తుపాకి కొయ్యను చెక్కిన వడ్రంగి యులి మూలబడిన కథను తలచినవా రరుదు. ఆ పనివాని పేరు ఏ గ్రంథమునను లేదు. అతని చేవ్రాలు ఆ కొయ్య యొక్కటే.

ఆ కొయ్య చెప్పు సంగతు లెన్నియో కలవు. నిప్పువత్తితో పేల్చు దేశవాళి తుపాకికి కొయ్య సన్నముగా నిడుపుగా నుండును. గొట్టము దానికి తోలుపట్టెలతోనో లోహపుకట్లతోనో బిగింపబడి యుండును. మందుగిన్నె దాపున కాలిన మచ్చ, చేయి పట్టి పట్టి నునుపెక్కిన చోటు, పగిలినచోట ఇత్తడిరేకు వేసి కొట్టిన మేకులు - ఇవన్నియు ఆ తుపాకి యెంతకాలము, ఎట్టివారి చేతిలో పనిచేసినదో తెలుపు సాక్ష్యములు. తరువాతి కాలపు రైఫిలుకును ఇదియే న్యాయము. ఇషాపూరు కార్ఖానాలో తయారైన .303 రైఫిలు కొయ్యపై అచ్చుగ్రుద్దిన ముద్రలే దాని జాతకము. గరుకుకాగితము నాలుగు రుద్దులలో ఆ జాతకమును తుడిచివేయును.

అట్లయిన నేమి చేయవలెను? మొదట ఏమియు చేయక చూడవలెను. తేమ హెచ్చుతగ్గులను బట్టి కొయ్య ఉబ్బును, ముడుచుకొనును. మన సీమ యెండలకు బీటలు వాఱుటయు, వానకాలమున బిగుసుకొనుటయు సహజము. కనుక ఎండతగులు గోడయు, పొయ్యిదాపును పనికిరావు. మెత్తని పొడిగుడ్డతో ధూళి తుడువవలెను. చెదలు, పురుగు ఉన్నవేమో పరీక్షింపవలెను. పాతవస్తువుగా దాచదలచిన దానికి నూనె పూయరాదు. అవిసెనూనె ఎండి గట్టిపడినపిమ్మట తిరిగి తీయశక్యము గాదు, కాలక్రమమున నల్లబడును గూడ. పలుచని మైనపుపూత చాలును. ఊడిన పెచ్చును, మఱల విడదీయుటకు వీలగు జిగురుతో, తెలిసినవానిచేత అతికింపవలెను. మఱల విడదీయ శక్యము గాని పని యేదియు చేయరాదనుటయే ఇందలి మూలసూత్రము.

లైసెన్సు కలిగి నేటికిని వాడుకలో నున్న రైఫిలు సంగతి వేఱు. దాని కొయ్యకు అవిసెనూనెను పలుచగా రాసి, ఒక పూత పూర్తిగా ఆఱిన పిదప మఱియొకటి పూయవచ్చును. సొట్టపడినచోట తడిగుడ్డ పఱచి వేడి ఇస్త్రీపెట్టె ఆనించినచో అణగిన నార పైకి లేచును. గీకవలసిన పనియే లేదు. ఒక హెచ్చరిక: అవిసెనూనె పీల్చిన గుడ్డలను ఉండచుట్టి మూల వేయరాదు. ఆఱునపుడు పుట్టు వేడిమికే అవి తమంతట మండుట కలదు. వానిని విప్పి ఆరుబయట పఱచుటయో నీటిలో ముంచుటయో చేయవలెను.

చట్టమును గూడ పాఠకులు మఱవరాదు. 1959 నాటి ఆయుధచట్టము 5వ సెక్షను ప్రకారము తుపాకులు బాగుచేయుటకు లైసెన్సు కావలెను. పాతకాలపుదై, బాగుచేసినను చేయకున్నను పేలుటకు వీలుకాని దానికి మాత్రమే 45వ సెక్షను మినహాయింపు నిచ్చుచున్నది. ఏది యెట్టిదో తేల్చుట గృహస్థుని పని కాదు. పోలీసువారికి తెలియజేసి నిర్ణయము పొందుటయే క్షేమము. నూఱేండ్లు దాటిన కళావస్తువులను, చారిత్రకవస్తువులను 1972 నాటి పురావస్తుచట్టము రక్షించుచున్నది గనుక వానిని విదేశములకు అమ్ముకొనుట నేరము.

ముఠాకక్షలతో నెత్తురోడిన సీమలో తుపాకికి ఈ పూజ యేల యని కొందఱడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. మేము కోరునది తుపాకికి పూజ కాదు. పేలు తుపాకి చట్టమున కప్పగింపబడవలెను. ఇందు మాకు సందేహము లేదు. కాని పేలని తుపాకిని మెఱుగుపెట్టి మీసము మెలివేయుటకు గోడకెక్కించుట వంశగర్వము. ఉన్నదున్నట్లు కాపాడి అది యెవరు చేసిరో, ఎందుకు మూలబడెనో పిల్లలకు చెప్పుట చరిత్రజ్ఞానము. మొదటిది కక్షను పెంచును, రెండవది వివేకమును పెంచును.

పురావస్తుశాఖవారు ఈ జిల్లాలలో తాలూకా తాలూకాకు తిరిగి ఇట్టి పాత ఆయుధముల పట్టికను, ఛాయాచిత్రములతో సహా, తయారుచేయించవలెనని మా కోరిక. పోలీసువారు స్వాధీనము చేసికొన్న వానిలో చారిత్రకమైన వానిని వేఱుచేసి ప్రదర్శనశాలల కప్పగించు ఏర్పాటు కావలెను. అంతవఱకు గృహస్థులు చేయవలసిన దేశసేవ మిక్కిలి సులభమైనది: గరుకుకాగితమును ముట్టకుండుట.