మా ఆనప యాస, మీ సొర భాషా?

కురుపాం సంతలో ఆనపకాయ అంటే తెలియనివాడు లేడు. కొండమీద ఎండిన ఆనపబుర్రలోనే నీళ్లు, అంబలి, జీలుగుకల్లు. అదే మాట పరీక్షలో రాసి, ఎర్రసిరాతో 'సొరకాయ' అని దిద్దించుకున్నవాళ్లం మనలో ఎందరం లేం?

సొర తప్పని మేం అనడం లేదు. తమిళంలో సురై, కన్నడంలో సోరె. పాత ద్రావిడ మాట. మరి ఆనప నిన్న మొన్నటిదా? 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులో ఉంది. గోదావరి జిల్లాల్లోనూ ఆనపే. తెలంగాణలో ఆనిగెపుకాయ అంటారు. ఇంత మేర పరుచుకున్న మాట 'యాస' ఎలా అయింది? కృష్ణాతీరం పెద్దల నోట లేదు కనక!

భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగునేలను నాలుగు మాండలిక మండలాలుగా చూపారు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతం పూర్వమండలం. నాలుగూ మాండలికాలే. అందులో మధ్యమండలానికి మాత్రమే 'ప్రమాణభాష' కిరీటం దక్కింది. కాలువ నీళ్లు, అచ్చుయంత్రాలు, సినిమా పెట్టుబడి ఉన్నచోటే ప్రమాణం పుట్టింది. ఇందులో భాషాశాస్త్రం ఏముంది?

ఇంకో ముచ్చట. పండితులు ఇదే కాయను 'అలాబువు' అంటారు. అథర్వవేదంలో ఉన్న మాట. మలయ్ భాషలో 'లబు'. ఇది ఆస్ట్రో-ఆసియాటిక్ భాషల నుంచి సంస్కృతంలోకి చేరిందని ఫ్రెంచి పండితుడు ప్రిజిలుస్కీ వాదించాడు. ఆ వ్యాసాలను ప్రబోధ్‌చంద్ర బాగ్చీ ఇంగ్లీషు చేయగా 1929లో కలకత్తా విశ్వవిద్యాలయం వేసింది. సవర, గదబ భాషలది ఆ కుటుంబమే. వాదం నిలిస్తే, మన కొండభాషల చుట్టాలు వేదానికే మాట అప్పిచ్చినట్టు! (సవరలు తమను 'సొర' అనుకుంటారు. సొరకాయతో చుట్టరికం కలపడానికి మాత్రం ఆధారం లేదు. ఎగతాళిరాయుళ్లు గమనించాలి.)

గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు ఇచ్చారు. ఏటా ఆగస్టు 29న ఆయనకు దండలు వేసే పెద్దలకు ఆ రెండు పుస్తకాలు గుర్తుంటాయా? జనం నోటిమాట కోసం కొట్లాడినవాడి పేరు చెప్పుకుంటూ జనం నోటిమాటనే కొట్టేస్తారా?

2003-04లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలైంది. అందులో సవర ఉంది. పుస్తకం ఉంటే చాలదు, ఆ భాష వచ్చిన టీచరు ఉండాలి. షెడ్యూల్డు ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అంతకు సమానమైన రక్షణ తెచ్చే పూచీ పాలకులది. 2022లో మన్యం జిల్లా ఇచ్చాం కదా అంటారు. ఆఫీసుల బోర్డు మారింది. బడిలో దిద్దే కలం ఎవరి చేతిలో ఉంది?

ఉద్యోగ మిత్రులకూ ఒక మాట. మన ఆనపను వెక్కిరిస్తే రోషం వస్తుంది, రావాలి కూడా. కానీ సవర పిల్లాడి మాట విని మన స్టాఫ్‌రూముల్లోనే నవ్వడం లేదా? విశాఖ మాటను కొండమీద రుద్దడానికైతే ప్రత్యేక రాష్ట్రం ఎందుకు? మనం అడిగే రాష్ట్రంలో ఒకటో తరగతి వాచకంలో ఆ కాయ బొమ్మ కింద ఆనప ఉండాలి, దాని పక్కనే సవర మాటా ఉండాలి. ఆ రెండోది ఏం రాయాలో సవర టీచరే చెప్పాలి.