చెరగని లెక్క సరే, రాసేది ఎవరు?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చిన విషయాల్లో ఒకటి: ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగుభాగంలోనే ఉంది. వేడెక్కింది పైభాగం.

పనిచోట భద్రతకు ఇప్పుడు బ్లాక్‌చైన్‌ను మందుగా చూపిస్తున్నారు. సెన్సర్ ఇచ్చే ప్రతి రీడింగూ ముందరి రీడింగుతో ముడిపడి, అనేక కంప్యూటర్లలో నకళ్లుగా నిలుస్తుంది. ఒకచోట దిద్దితే మరోచోట దొరికిపోతుంది. ప్రమాదం జరిగాక రిజిస్టర్లు దిద్దే అవకాశం ఉన్నచోట ఇది చిన్న మేలేమీ కాదు. కానీ అది కాపాడేది రాసినదాన్నే. తప్పుచోట బిగించిన సెన్సర్ చెప్పే అబద్ధాన్నీ అంతే భద్రంగా దాస్తుంది.

దీన్ని మ్యాన్‌హోల్ దగ్గర పెట్టి చూడండి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువైనది, అడుగున పేరుకుంటుంది. మోతాదు పెరిగితే వాసన పసిగట్టే శక్తే పోతుంది. డిటెక్టర్ అవసరమే. కానీ మూత దగ్గర పట్టుకుంటే అది ‘సురక్షితం’ అనే చూపవచ్చు. 2013 చట్టం నిషేధించింది రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా చేయించే ‘ప్రమాదకర శుభ్రత’ను. అంటే చెరగని ఆ రీడింగే రేపు కోర్టులో కాంట్రాక్టరుకు కవచమవుతుంది. తప్పు చనిపోయినవాడి మీద పడుతుంది.

2021లో కేంద్రం రాజ్యసభలో మాన్యువల్ స్కావెంజింగ్ వల్ల మరణాలు నమోదు కాలేదని చెప్పింది. మురుగుకాల్వల్లో పోయిన ప్రాణాలను ‘ప్రమాదకర శుభ్రత’ గడిలో వేసింది. ఇక్కడ అంకె దిద్దలేదు, గడి మార్చారు. ఏ లెడ్జరూ దీన్ని పట్టుకోలేదు.

కనుక అసలు ప్రశ్న అధికారానిది. నోడ్లన్నీ మున్సిపాలిటీ, కాంట్రాక్టరు చేతుల్లోనే ఉంటే ఇద్దరూ కలిసి రాసిందే సత్యం. వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా బాబాసాహెబ్ 1942లోనే ప్రభుత్వాన్నీ యాజమాన్యాన్నీ కార్మికులనూ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టే త్రైపాక్షిక పద్ధతిని నడిపించారు. ఆ సూత్రం లెడ్జర్‌కూ వర్తించాలి. ఒక నోడ్ సఫాయి కార్మికుల సంఘం దగ్గర ఉండాలి. సెన్సర్ ఎంత లోతుకు దించాలో చెప్పే హక్కు, రీడింగు నచ్చకపోతే పని ఆపే హక్కు వారికుండాలి.

అయినా మనిషి సురక్షితంగా దిగాలన్నది మన గమ్యం కాదు, అసలు దిగకూడదన్నదే. మురుగుకాల్వల్లోకి మనుషులను దింపే పద్ధతిని పూర్తిగా నిర్మూలించాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది, మరణానికి పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. కాబట్టి ఆ చెరగని లెక్కలో మొదటి గడి గ్యాస్‌ది కాదు. యంత్రం ఎందుకు రాలేదు? ‘దిగు’ అన్నది ఎవరు? ముందు ఆ పేరు రాయండి.